వెండి రేణువులను జెల్‌లో నిలబెట్టడం: డిగ్రీ కాలేజీ ల్యాబ్‌కు సరిపడే పద్ధతి

మా ల్యాబ్ బీరువా పై అరలో, వెలుతురు తగలని మూల ఒక సీసా ఉంది. అందులో విరిగిన పాల లాంటి ముద్ద, అక్కడక్కడ ఊదా రంగు. తొమ్మిదేళ్ల కిందట నా చేతులతో నేను పాడుచేసుకున్న మొదటి వెండి జెల్ అది. పారవేయలేదు. ఏటా చివరి సంవత్సరం బీఎస్సీ పిల్లలు ప్రాజెక్టు మొదలుపెట్టే రోజున ముందుగా దాన్నే బల్ల మీద పెడతాను. ఎందుకిలా అయిందో చెప్పినవాళ్లకే సున్నితపు త్రాసు తాళం. చెప్పలేనివాళ్లు వారం రోజులు గాజు సామాను కడగాలి. కడుగుతూ ఉంటే జవాబు దానంతటదే దొరుకుతుంది.

నేను శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు మా దగ్గర లేదు. ఉన్నవి నాలుగు దశాంశాల త్రాసు, రెండు మాగ్నెటిక్ స్టిర్రర్లు, ఒక ఓవెన్, ద్రావణం ఏ రంగు కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే ఒక స్పెక్ట్రోఫొటోమీటర్, పక్క గదిలో మైక్రోబయాలజీ వాళ్ల ఫ్రిజ్. స్టిర్రర్లలో ఒకటి తిరుగుతుంది గాని వేడెక్కదు. ఈ మాత్రం సామానుతోనే, గాయాల పట్టీల కోసం ప్రపంచమంతా పరిశోధిస్తున్న ఒక పదార్థాన్ని తయారుచేసి, కొలిచి, దాని మంచీచెడూ చెప్పవచ్చు. పట్టీగా వాడటం వేరే సంగతి. దాని గురించి తరువాత కాస్త గట్టిగానే మాట్లాడతాను.

ఏమి చేస్తున్నాం

నానబెట్టిన సబ్జా గింజను చూడండి. చుట్టూ జిగురు పొర, అందులో ఎక్కువ భాగం నీరే, అయినా కారిపోదు. పొడవైన అణువులు వలలా అల్లుకుని నీటిని పట్టుకుని ఉంటాయి. హైడ్రోజెల్ అంటే అదే. తాటి ముంజ కూడా ఆ కోవలోదే. శరీరంలోని మెత్తని కణజాలం కూడా నీటితో నిండిన వల లాంటిదే కాబట్టి, దాని పక్కన పెట్టడానికి గట్టి ప్లాస్టిక్ కన్నా ఇదే మేలని 1960లో చెక్ శాస్త్రవేత్తలు ఒట్టో విక్టర్లే, ద్రహొస్లావ్ లిమ్ రాశారు. మరుసటి ఏడాది క్రిస్మస్ రోజుల్లో విక్టర్లే పిల్లలు నట్లు, బోల్టులు బిగించి ఆడుకునే సామగ్రికి సైకిల్ డైనమో తగిలించి, వంటింటి బల్ల మీద మెత్తని కాంటాక్ట్ లెన్సులు తయారుచేశాడు. సామాను లేదని గొణిగే పిల్లలకు ఈ కథ చెబుతాను. గొణుగుడు ఒక పూట ఆగుతుంది.

జెల్ ఒక్కదానితో ఉన్న చిక్కు, అది తడిని నిలుపుతుంది గాని సూక్ష్మజీవులను ఆపదు. తడిగా ఉంచిన గాయం మీద కొత్త చర్మం ఎండిపోయిన గాయం మీదకన్నా త్వరగా కమ్ముతుందని జార్జ్ వింటర్ 1962లో పందుల మీద చేసిన ప్రయోగంలో చూపించాడు. అయితే తడి ఉన్నచోట బ్యాక్టీరియాకూ పండగే. వెండి బ్యాక్టీరియాను చంపుతుంది. నానో పరిమాణంలో, అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు లెక్కల్లో కొలిచే రేణువులుగా ఉన్నప్పుడు, వెండికి పైతలం చాలా ఎక్కువ కాబట్టి అయాన్లు నెమ్మదిగా, చాలాకాలం బయటికి వస్తాయి. కానీ ఆ రేణువులకు ఒకటే జబ్బు, ఒకదాన్నొకటి అంటుకుని గుంపుగా అడుగున పడతాయి. జెల్ వల వాటిని విడివిడిగా నిలబెడుతుంది. ఒకదాని లోపాన్ని ఇంకొకటి కప్పుతుందన్నమాట.

వెండి బదులు ఐరన్ ఆక్సైడ్ పెడితే అయస్కాంతంతో కదిపే జెల్, బంగారం పెడితే కాంతి పడగానే వేడెక్కే జెల్, ఎముకలో ఉండే ఖనిజం హైడ్రాక్సీ అపటైట్ పెడితే ఎముకకు పనికొచ్చే జెల్ అవుతాయి. జపాన్‌లో హరగుచి బృందం 2002లో బంకమట్టి నానో పలకలనే ముడులుగా వాడి, పది రెట్లకు పైగా సాగే జెల్ చేసింది. మనం వెండి దగ్గరే ఆగుదాం. రంగే కొలమానంగా పనికొస్తుంది, కంటికి కనిపిస్తుంది.

ముందు నీళ్లు

ఈ ప్రయోగంలో సగం వైఫల్యాలు నీళ్ల దగ్గరే పుడతాయి. ఒక పరీక్షనాళికలో మీ నీళ్లు 5 మి.లీ. తీసుకుని సిల్వర్ నైట్రేట్ రెండు చుక్కలు వేయండి. మబ్బు పట్టిందంటే క్లోరైడ్ ఉంది. మా కుళాయి నీళ్లు తెల్లగా మారతాయి. క్యాన్లలో వచ్చే తాగునీరు కూడా ఒకోసారి మసకబారుతుంది. స్వేదన జలం తప్ప మరేదీ వద్దు. స్వేదన జలమైనా సీసా తెరిచిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయండి, అరనిమిషం పని.

గాజు సామాను కూడా అంతే. హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి ఒక్కసారి తొలిపితే లోపల క్లోరైడ్ మిగిలిపోతుంది. పది శాతం నైట్రిక్ ఆమ్లంతో కడిగి, స్వేదన జలంతో నాలుగుసార్లు తొలపండి. గ్లవ్స్ వేసుకోండి. సిల్వర్ నైట్రేట్ చర్మం మీద పడితే అప్పటికి ఏమీ కనిపించదు, సాయంత్రానికి నల్లటి మచ్చ తేలుతుంది. పెళ్లి ముహూర్తాలు దగ్గరపడిన అమ్మాయిలకు ఈ మాట రెండుసార్లు చెబుతాను.

ఆల్జినేట్ కరిగించడం

మన జెల్‌కు వల అల్లేది సోడియం ఆల్జినేట్, గోధుమ రంగు సముద్రపు నాచు నుంచి తీసిన పొడి. ఇది 3 గ్రాములు, నీళ్లు 100 మి.లీ. పొడిని ఒక్కసారి గుమ్మరిస్తే చోడి అంబలిలో పిండి ఉండ కట్టినట్టు కడుతుంది. పైన జిగురు, లోపల పొడి పిండి. అది ఇక కరగదు. స్టిర్రర్‌ను జోరుగా తిప్పి, నీటి మధ్య సుడి ఏర్పడ్డాక, ఉప్పు చల్లినట్టు చిటికెడు చిటికెడుగా ఆ సుడి అంచున వేయండి. మొత్తం పడటానికి పావుగంట పట్టాలి. తరువాత వేగం తగ్గించి మూడు గంటలు తిప్పి, మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. బుడగలన్నీ పైకి వచ్చేస్తాయి.

ఈ ద్రావణాన్ని దాచుకుని వారాల తరబడి వాడాలనుకోవద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మాకు కొన్ని రోజులు కరెంటు లేదు. వచ్చాక చూస్తే ఫ్రిజ్‌లోని ఆల్జినేట్ నీళ్లలా జారుతోంది, పుల్లటి వాసన. సూక్ష్మజీవులు పొడవైన గొలుసులను తినేశాయి. గొలుసులు తెగితే వల అల్లుకోదు. చిక్కగా జారవలసిన ద్రావణం పలచగా జారితే మొహమాటపడకుండా పారబోయండి.

ఏటా ఎవరో ఒకరు, ఎక్కువగా పలాస వైపు నుంచి వచ్చినవాళ్లు, జీడిచెట్టు బంక తెచ్చి ‘మేడమ్, ఇది మన ఊరిదే, దీంతో చేద్దాం’ అంటారు. ఉత్సాహం మెచ్చుకోదగ్గదే. కానీ జీడిబంక కాల్షియం ద్రావణంలో వదిలితే ఆల్జినేట్‌లా పూసలు కట్టదు, పాకంలా కలిసిపోతుంది. ఆల్జినేట్‌లో నాలుగో వంతు కలిపి చూడండి, అది వేరే ప్రాజెక్టు అవుతుంది. తపసి బంక అయితే నీటిలో కరగకుండా ఉబ్బుతుంది. మన్యంలో సేకరించే ఆ బంకను కట్టుడు పళ్లు అంటించే పొడుల్లో వాడతారు.

వెండి రేణువులు

సిల్వర్ నైట్రేట్ 0.085 గ్రాములు 500 మి.లీ. నీటిలో కలిపితే గాఢత 1 మిల్లీమోలార్. రంగు సీసాలో పోసి చీకట్లో పెట్టండి. సోడియం బోరోహైడ్రైడ్ 0.038 గ్రాములు 500 మి.లీ. ఐసు చల్లటి నీటిలో కలిపితే 2 మిల్లీమోలార్. వెండి అయాన్లను వెండి లోహంగా మార్చేది ఇదే. ఇది అప్పటికప్పుడు చేసుకోవలసిందే. నీటితో చర్య జరిపి హైడ్రోజన్ విడుస్తూ తన బలం తాను పోగొట్టుకుంటుంది. పొద్దున చేసి మధ్యాహ్నం భోజనం తరువాత వాడినవాళ్లకు పసుపు రంగు రాలేదని నా దగ్గర లెక్కలేనన్ని ఫిర్యాదులున్నాయి.

బోరోహైడ్రైడ్ 30 మి.లీ. బీకరులో పోసి ఐసు తొట్టిలో, స్టిర్రర్ మీద ఉంచండి. బ్యూరెట్‌లో సిల్వర్ నైట్రేట్ 10 మి.లీ. సెకనుకు ఒక చుక్క చొప్పున వదలండి. వెండిని బోరోహైడ్రైడ్‌లోకి వదలాలి గాని, తారుమారు చేయకూడదు. పుట్టిన ప్రతి రేణువు చుట్టూ బోరోహైడ్రైడ్ మిగులుగా ఉంటేనే అవి ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. రెండు మిల్లీలీటర్లు పడేసరికి లేత పసుపు, మొత్తం పడేసరికి మెరిసే నిమ్మపండు రంగు. ఆఖరి చుక్క పడగానే స్టిర్రర్ ఆపి, అయస్కాంతపు ముక్కను తీసేయండి. ఇంకా తిప్పుతూ కూర్చుంటే పసుపు ముదిరి, ఊదాగా మారి, బూడిద రంగులో అడుగున పడుతుంది. చేతులు ఊరుకోక పోగొట్టుకున్న ద్రావణాలే ఎక్కువ.

స్పెక్ట్రోఫొటోమీటర్‌లో 400 నానోమీటర్ల దగ్గర ఒకే శిఖరం కనిపించాలి. శిఖరం వెడల్పై కుడివైపు జారితే గుంపు కడుతున్నట్టే. లేజర్ పాయింటర్ కిరణం ద్రావణంలో గీతలా కనిపిస్తే కొలాయిడ్, అంటే అడుగున పడకుండా నీటిలో తేలే సన్నని రేణువులు, ఉందని తెలుస్తుంది, అంతే. దాన్ని చూసి రేణువు పరిమాణం రాసేయకండి. పరిమాణం కావాలంటే నమూనాను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉన్న సంస్థకు పంపాలి.

ఇప్పుడు 0.3 శాతం పాలీవినైల్ పైరోలిడోన్ ద్రావణం 4 మి.లీ. కలపండి. ఇది రేణువులకు తొడుగు. కలిపే ముందు, కలిపాక రెండు నాళికల్లో కొంచెం తీసి ఉప్పునీటి చుక్క వేసి చూడండి. తొడుగు లేనిది వెంటనే రంగు మారుతుంది. తరువాత సీసాకు మూత బిగించకుండా ఒక రాత్రి వదిలేయండి. మిగిలిన బోరోహైడ్రైడ్ హైడ్రోజన్‌గా వెళ్లిపోతుంది. లేకపోతే అవే బుడగలు రేపు మీ జెల్‌లో కనిపిస్తాయి.

ఆ సీసాలో ఏమి జరిగింది

ఆల్జినేట్ 20 మి.లీ., కొలాయిడ్ 10 మి.లీ. మెల్లగా కలిపితే ఆల్జినేట్ 2 శాతానికి వస్తుంది, తేనె నీళ్ల రంగు. వెండి లెక్క వేసుకోండి, లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాములు.

దీన్ని జెల్‌గా మార్చేది కాల్షియం. ఆల్జినేట్ గొలుసుల్లో కొన్ని భాగాలు గుడ్ల అట్టలాగా గుంతలతో ఉంటాయి. రెండు అట్టల మధ్య గుంతలో గుడ్డులా కాల్షియం అయాన్ కూర్చుంటుంది. 1973 నుంచి ఈ నమూనాకు గుడ్ల పెట్టె అనే పేరు. ఏ పుస్తకం తెరిచినా కాల్షియం క్లోరైడ్ వాడమంటుంది. ఆల్జినేట్ ఒక్కటే అయితే అదే మంచిది. నేనూ అదే వాడాను. పైగా ఆ రోజుల్లో వెండి అయాన్లను పూర్తిగా క్షయకరణం చేయకుండానే, అంటే లోహంగా మార్చకుండానే, తొందరపడి కలిపాను. మిగిలిన వెండి అయాన్లు క్లోరైడ్‌ను చూడగానే తెల్లటి సిల్వర్ క్లోరైడ్ అయ్యాయి. వెలుతురు తగిలి ఊదాగా మారాయి. సీసాలో ఉన్నది అదే. గాజు సామాను కడిగే వారంలో, ఆమ్లం సరిగా పోని నాళికలో సిల్వర్ నైట్రేట్ వేసినప్పుడు కనిపించే మబ్బూ అదే.

అందుకే కాల్షియం నైట్రేట్ వాడండి. నాలుగు నీటి అణువులున్న స్ఫటికాలు 2.36 గ్రాములు 100 మి.లీ. నీటిలో వేస్తే 0.1 మోలార్. కాల్షియం లాక్టేట్ అయినా పరవాలేదు.

దీనికి తోడు ఇంకో ఉచ్చు. చాలామంది వెండి రేణువులను ట్రైసోడియం సిట్రేట్‌తో మరిగించి చేస్తారు. మంచి పద్ధతే. కానీ మిగిలిన సిట్రేట్ కాల్షియాన్ని ఆల్జినేట్ నుంచి లాక్కుంటుంది. పూసలు మెత్తబడి, ఎక్కువైతే కరిగిపోతాయి కూడా. రేణువులు బాగున్నాయి, జెల్ బాగుంది, రెండూ కలిపితే ఎందుకు పాడయ్యాయని తల పట్టుకునే ముందు, ఒకదానిలో మిగిలిన లవణం రెండోదానికి శత్రువేమో చూడండి. ఈ పనిలో నాకు తెలిసిన రహస్యం అదొక్కటే.

పూసలు, పొరలు

సూది తగిలించిన 5 మి.లీ. సిరంజితో, కాల్షియం ద్రావణానికి జానెడు ఎత్తు నుంచి చుక్కలు వదలండి. బూందీ దూసినట్టే. మరీ దగ్గరగా పట్టుకుంటే తోకకప్పల్లా తోకలొస్తాయి, మరీ ఎత్తు నుంచి వదిలితే బిళ్లలవుతాయి. గుండ్రంగా రావాలంటే మీ చేతికి తగిన ఎత్తు పది చుక్కల్లో దొరుకుతుంది. పై పొర క్షణంలో గట్టిపడుతుంది, లోపలి భాగానికి సమయం కావాలి. అరగంట ఉంచి, ఒక పూసను బ్లేడుతో కోసి చూడండి. మధ్యలో జారుడు ఉంటే మరికొంత సేపు. తీసి స్వేదన జలంతో రెండుసార్లు కడగండి.

పొర కావాలంటే అదే మిశ్రమంలో అర శాతం గ్లిజరాల్ కలిపి, పెట్రి డిష్‌లో 15 మి.లీ. పోసి 40 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టండి. గ్లిజరాల్ లేకపోతే అప్పడంలా విరుగుతుంది. ఓవెన్ అర సమతలంగా ఉందో లేదో ముందు చూసుకోండి, లేకపోతే ఒక వైపు కాగితం, ఒక వైపు అట్ట. ఆరాక కాల్షియం నైట్రేట్‌లో ఐదు నిమిషాలు ముంచి, కడిగి, మళ్లీ ఆరబెట్టాలి. వానాకాలంలో మన సముద్రపు గాలికి రెండు రోజులు పట్టవచ్చు. బయట వదిలేస్తే బూజు ఖాయం.

పొర చిరిగిపోతోందని ఒక బ్యాచ్ పొందూరు ఖాదీ ముక్క మీద పోసి చూసింది. వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి వడికే నూలు అది. అంత సన్నని గుడ్డ మీద జెల్ చక్కగా పరుచుకుంటుందని వాళ్ల ఊహ. మొదటి రెండుసార్లు చుక్కలు చుక్కలుగా విడిపోయింది. గుడ్డ మీద అయోడిన్ చుక్క వేయమన్నాను, నీలం వచ్చింది. గంజి ఉంది. సోడా నీటిలో ఉడకబెట్టి, నీలం రాకుండా పోయేదాకా ఉతికాక మూడోసారి పొర పట్టింది.

కొలతలు

ఉబ్బుదల కొలవడం తేలిక. ఆరిన ముక్క తూకం రాసుకుని నీటిలో వేయండి. 15 నిమిషాలు, అరగంట, గంట, రెండు గంటలకు తీసి, ఫిల్టర్ కాగితంతో పైతడి అద్ది తూచండి. అద్దే పద్ధతి ప్రతిసారీ ఒకేలా ఉండాలి. ఒకరు అద్ది ఇంకొకరు నొక్కితే ఆ గ్రాఫు పనికిరాదు. పెరిగిన బరువును ఆరిన బరువుతో భాగించి వందతో గుణించాలి. 0.050 గ్రాముల ముక్క 0.350 అయితే 600 శాతం. మూడు ముక్కలు చేసి సగటు తీయండి.

ఇదే పరీక్ష 0.9 శాతం ఉప్పునీటిలో, ఫాస్ఫేట్ బఫర్‌లో (ఆమ్లత్వం మారకుండా నిలిపే ద్రావణం) కూడా చేయండి. అక్కడే అసలు పాఠం ఉంది. ఉప్పునీటిలో సోడియం వచ్చి కాల్షియాన్ని పక్కకు నెడుతుంది కాబట్టి ముక్క ఉబ్బి మెత్తబడుతుంది. బఫర్‌లో ఫాస్ఫేట్ కాల్షియాన్ని లాక్కుని ముక్కను చెదరగొట్టేయవచ్చు. పిల్లలు దీన్ని వైఫల్యంగా రాస్తారు. కానీ ఆసుపత్రుల్లో వాడే ఆల్జినేట్ పట్టీలు గాయపు ద్రవంలో జెల్ అయ్యేది ఈ సోడియం మార్పిడితోనే. ఎంతసేపటికి, ఎంత అన్నదే ప్రశ్న. అది రాయండి.

పొరను స్పెక్ట్రోఫొటోమీటర్‌లో పెట్టేటప్పుడు పోలికగా నీటిని కాక వెండి లేని పొరను వాడండి.

బ్యాక్టీరియా పరీక్ష మీరొక్కరే చేయకండి. మైక్రోబయాలజీ విభాగంలో, వాళ్ల పర్యవేక్షణలో, ఆవిరితో క్రిమిరహితం చేసే వాళ్ల ఆటోక్లేవ్ పక్కన మాత్రమే. వెండి పొర ఒక్కటే పెట్టి చుట్టూ ఖాళీ వలయం వచ్చిందని సంబరపడకూడదు. వెండి లేని పొర, కాల్షియం నైట్రేట్‌లో ముంచిన కాగితపు బిళ్ల, యాంటీబయాటిక్ బిళ్ల పక్కపక్కన ఉండాలి. రేణువులు అగార్‌లో, అంటే బ్యాక్టీరియాను పెంచే జెల్లీలో, దూరం పాకలేవు, పాకేది వాటి నుంచి వచ్చిన అయాన్లే. అందుకే వలయం చిన్నదైనంత మాత్రాన వెండి పనిచేయలేదని అనలేం. పొర కింది భాగంలో పెరుగుదల ఉందో లేదో కూడా చూడండి. మన 8 మిల్లీగ్రాములు చాలకపోతే సిల్వర్ నైట్రేట్‌నే ఆల్జినేట్‌లో కలిపి వేడి చేసే పద్ధతి ఉంది. ఆల్జినేటే వెండిని నెమ్మదిగా క్షయకరణం చేస్తుంది. ఎక్కువ వెండి పడుతుంది గాని రేణువులు రకరకాల పరిమాణాల్లో వస్తాయి.

గాయం మీద పెట్టవద్దు

గత ఏడాది ఒక అబ్బాయి పెట్రి డిష్ పగిలి వేలు తెగితే, తను చేసిన పొర ముక్కనే చుట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ‘మేడమ్, బాగా అతుక్కుంది’ అని నవ్వుతున్నాడు. విప్పించి, కుళాయి కింద కడిగించి, ఆసుపత్రికి పంపి, తిరిగి వచ్చాక కూర్చోబెట్టి అడిగాను. నాన్నా, ఇది క్రిమిరహితం చేశావా? నైట్రేట్ ఎంత మిగిలింది? బోరాన్ లవణాలు పోయాయా? నీ చర్మకణాలను ఇది బతకనిస్తుందా? ఒక్కదానికీ జవాబు లేదు. వెండికి బ్యాక్టీరియా, మన కణం అన్న తేడా పూర్తిగా తెలియదు. మోతాదు మించితే గాయాన్ని పూడ్చవలసిన కణాలే చస్తాయి.

వెండి పట్టీలు మార్కెట్లో ఉన్నాయి. అవి శరీరానికి తగిలే పరికరాల కోసం ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10993 కింద కణాల మీద, చర్మం మీద పరీక్షలు దాటి వచ్చినవి. మన దేశంలో 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న వైద్య పరికరాల నియమాలు, 2017 వీటికి వర్తిస్తాయి. జంతువుల మీద ప్రయోగించాలన్నా సంస్థాగత నైతిక సంఘం అనుమతి తప్పనిసరి. ప్రాజెక్టు నివేదికలో ‘గాయాలను మాన్పుతుంది’ అని రాసినవాళ్లకు నేను మార్కులు తీసేస్తాను. ‘ఈ పరిస్థితుల్లో ఇంత ఉబ్బింది, ఈ బ్యాక్టీరియాను ఇంత మేర ఆపింది’ అని రాయండి.

వ్యర్థాలు

వెండి ఉన్న ఏ ద్రావణమూ సింకులో పోయకూడదు. మా ఊరి కాలువలు చివరికి నాగావళి వైపే. ఒక రంగు సీసాలో పోగుచేసి, నెలకోసారి ఉప్పు వేసి తెల్లటి అవక్షేపాన్ని అడుగున పడనివ్వండి. పైన తేరిన నీటిలో ఇంకో చిటికెడు ఉప్పు వేసి మబ్బు రాకపోతేనే వంపండి. అవక్షేపాన్ని ఆరబెట్టి దాచండి. వ్యర్థాల సీసాలో అమ్మోనియా మాత్రం ఎప్పుడూ కలపవద్దు, నిల్వ ఉన్న అమ్మోనియా-వెండి ద్రావణాలు పేలే పదార్థాలుగా మారగలవు. సీసా మీద తేదీ, అందులో ఏమి పోశారు, ఎవరు పోశారు అన్నది పెన్సిలుతో రాయండి. పెన్ను సిరా మా ల్యాబ్ తేమకు నెల తిరిగేసరికి చెదిరిపోతుంది.